గోడలో పైపు ఎక్కడుందో ఎవరికెరుక?



లైబ్రరీ ఎప్పుడు తెరుస్తున్నారని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. పుస్తకాలు వచ్చి రెండు నెలలైంది, ర్యాకులు కొన్నారు, ఇంకా ఏమిటి ఆలస్యం అని. ఆలస్యం గోడ దగ్గర జరిగింది. పది రంధ్రాలు వేయడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో తెలుసుకున్నది ఒక్క ఫోన్‌లో చెప్పడం కుదరక ఈ వారం దాని గురించే రాస్తున్నాను. ఇందులో డ్రిల్లింగ్ మిషన్ ఉంటుంది, కులం కూడా ఉంటుంది. రెండూ వేరువేరుగా చెప్పాలని చూశాను, కుదరలేదు.

ముందు గది సంగతి. హైదరాబాద్ శివారులో, రాళ్ళ గుట్టను చదును చేసి వేసిన కాలనీలో మన సార్ ఇల్లు ఉంది. సార్ రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగితే ప్రతి ఓనరూ ముందు పేరు అడిగేవాడు, తర్వాత ఊరు అడిగేవాడు, చివరికి ఊళ్ళో ఏ వైపు అని అడిగేవాడు. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి, బ్యాంకు లోను తీసుకుని 1996లో సొంత ఇల్లు కట్టుకున్నారు. స్థలం వాలుగా ఉంది కాబట్టి ముందు నుంచి చూస్తే ఒక అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. ఆ కింది గదే మనకు ఇచ్చారు. దానికి మూడు వైపుల సంగతి చెప్పాలి. రోడ్డు వైపు గోడ మట్టిని ఆనుకుని ఉంటుంది, గ్రానైట్ సైజు రాయితో కట్టింది. అడ్డంగా ఉన్నవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. వెనక వైపు తలుపూ కిటికీలూ ఉన్నాయి, అడుగు బయట పెడితే నేల మీదే ఉంటాం.

ఆ వెనక తలుపు లేకపోతే నేను ఆ గదికి ఒప్పుకునేదాన్ని కాదు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీళ్ళు పోటెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అనుమతి లేకుండా ఆ బేస్‌మెంట్‌ను లైబ్రరీగా వాడుతున్నారు. మన పిల్లల్లో ఎంతమంది ఇవాళ అలాంటి గదుల్లో కూర్చుని చదువుతున్నారో మీకు తెలుసు. నేల కింద చదువుకునే గది ఏదైనా సరే, పుస్తకం తెరిచే ముందు బయటికి దారి చూసుకోండి. నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయో చూసుకోండి. ఇది సలహా కాదు, షరతు.

పుస్తకాల సంగతి. సార్ స్నేహితుడు, ఒక లెక్చరర్, పోతూ పోతూ తన పుస్తకాలన్నీ మన స్టడీ సర్కిల్‌కు ఇవ్వమని ఇంట్లో చెప్పారు. నలభై అట్టపెట్టెలు. అంబేద్కర్ సంపుటాలు మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ వాటి మధ్యలో దళిత మహాసభ తొలినాళ్ళ కరపత్రాలు ఉన్నాయి. సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు మెస్ బిల్లుల కోసం చేసిన ధర్నాల నోటీసులు, చేత్తో రాసిన మీటింగు మినిట్స్ ఉన్నాయి. సైక్లోస్టైల్ చేసిన కాగితాలు, పట్టుకుంటే పొడి అవుతున్నాయి. వాటికి రెండో కాపీ ఎక్కడా లేదు. మన చరిత్రను యూనివర్సిటీలు దాచిపెట్టవు, మనమే పెట్టెల్లో, ట్రంకుల్లో, అటకల మీద దాచుకుంటాం. అవి గచ్చు మీద ఉన్నాయి. జూన్ దాటింది. చెమ్మ మొదలైంది. కింద వరుస పెట్టెల అడుగులు మెత్తబడ్డాయి.

అందుకే ర్యాకులు. ఏడడుగుల ఇనుప స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు. పుస్తకాలు నిండా పెట్టిన ఏడడుగుల ర్యాకును ఊరికే నిలబెడితే, పై వరుస అందుకోవడానికి ఎవరైనా కింది అరమీద కాలు పెట్టిన రోజు మీద పడుతుంది. గోడకు బిగించి తీరాలి. గోడకు బిగించాలంటే డ్రిల్ చేయాలి. అక్కడే సార్ ఆగిపోయారు.

"అమ్మా, ఆ గోడల్లో ఎక్కడో పైపులున్నాయి. ఎక్కడున్నాయో నాకు గుర్తు లేదు," అన్నారు.

ఆయన భయం చిన్నదేమీ కాదు. గోడలో పైపుకు రంధ్రం పడితే నీళ్ళు అప్పటికప్పుడు చిమ్మితే మంచిదే, కనీసం తెలుస్తుంది. తెలియకుండా సన్నగా కారితే నెల రోజులకు గోడంతా నాని, ర్యాకు వెనక పుస్తకాలు బూజు పట్టాక బయటపడుతుంది. చెమ్మ నుంచి కాపాడటానికి చేసే పని వల్లే చెమ్మ వస్తుందన్నమాట.

సరే, ప్లాను చూద్దామన్నాం. సార్ బీరువాలోంచి ఇంటి ప్లాను తీశారు. మున్సిపాలిటీ ముద్ర ఉంది, ఇంజినీరు సంతకం ఉంది. గదుల కొలతలున్నాయి, మెట్లున్నాయి, సెట్‌బ్యాక్ ఉంది. పైపులు లేవు. మీ ఇంటి ప్లాను తీసి చూడండి, చాలా ఇళ్ళలో ఇంతే. అనుమతి కోసం గీసే కాగితం ఒకటి, గోడలో జరిగే పని ఇంకొకటి. పైపు ఎటు నుంచి ఎటు పోవాలో సైటులో నిలబడి, చాక్‌పీసుతో గోడ మీద గీత గీసి నిర్ణయిస్తారు. ఆ గీత మీద గాడి కొడతారు, పైపు పెడతారు, మాలుతో మూస్తారు, పైన రంగు వేస్తారు. ఇంటి అసలు పటం ఆ చాక్‌పీసు గీతే. అది మూడు రోజులు కూడా ఉండదు. ఆ తర్వాత అది గీసినవాడి తలలో మాత్రమే ఉంటుంది.

"అయితే ప్లంబర్‌ను అడుగుదాం సార్, ఎవరు చేశారు?" అని అడిగాం.

సార్‌కు బిల్డర్ పేరు గుర్తుంది. ఇంజినీరు పేరు ప్లాను మీదే ఉంది. గృహప్రవేశానికి ఎవరెవరు వచ్చారో ఇరవై పేర్లు చెప్పారు. ప్లంబర్ పేరు గుర్తు రాలేదు. "నల్లగా, సన్నగా ఉండేవాడమ్మా... వెంట ఒక కుర్రాడు వచ్చేవాడు," అన్నారు. అని ఆయనే కాసేపు మాట్లాడలేదు. మనవాడు కట్టుకున్న ఇల్లు అది. లోను కట్టడానికి పదిహేనేళ్ళు కడుపు కట్టుకున్న ఇల్లు. జీవితమంతా పిల్లలకు అంబేద్కర్‌ను చెప్పిన మనిషి. ఆయన ఇంట్లో కూడా కట్టినవాళ్ళ పేర్లు లేవు. ఇది సార్‌ను తప్పుపట్టడానికి రాయడం లేదు, రాయమని ఆయనే చెప్పారు. కులం మన ఇంటి గోడల్లోకి కూడా పైపులాగే వస్తుంది. మనం పెట్టించలేదనుకుంటాం, కానీ ఉంటుంది.

ఇక పిల్లలు రంగంలోకి దిగారు. ఒక తమ్ముడు ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్ వేసుకొచ్చాడు. ఫోన్‌లో దిక్కులు చూపించడానికి ఒక సెన్సర్ ఉంటుంది, అది దగ్గర్లోని ఇనుమును పసిగడుతుంది. అది గోడ దగ్గర పెడితే ఎక్కడ పెట్టినా మోగింది. చూస్తే పక్కనే మన ఇనుప ర్యాకులు పేర్చి ఉన్నాయి. అవి బయట పెట్టించి మళ్ళీ చూస్తే ఒకచోట నిలువుగా, నడుము ఎత్తు దాకా మోగింది. అది గుర్తు పెట్టుకున్నాం. కానీ ఒక సంగతి మరిచిపోవద్దు. ఇప్పుడు ఇళ్ళల్లో వేసేవి ఎక్కువగా ప్లాస్టిక్ పైపులు. తెల్లవి యూపీవీసీ, మీగడ రంగువి సీపీవీసీ. వాటిని ఈ యాప్ పట్టదు, మామూలు మెటల్ డిటెక్టర్ కూడా పట్టదు. యాప్ మోగలేదంటే పైపు లేదని అర్థం కాదు.

రెండోరోజు మా అమ్మ వచ్చింది. మా అమ్మ ముప్పై ఏళ్ళు బిల్డింగు పనుల్లో మాలు మోసింది. తాపీ పట్టనివ్వలేదు. ఆడమనిషి తాపీ పడితే మేస్త్రి కూలీ ఇవ్వాల్సి వస్తుంది, తట్ట మోస్తే ఆడకూలీ ఇస్తే సరిపోతుంది. కానీ ముప్పై ఏళ్ళు తట్ట మోసిన మనిషి ఎన్ని గోడలు చూసి ఉంటుంది! గదిలోకి వచ్చి లైట్లు ఆర్పమంది. సెల్‌ఫోన్ టార్చ్‌ను గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పారేలా పట్టమంది. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న గోడ, పక్క వెలుగులో చూస్తే ఎగుడుదిగుడుగా కనిపించింది. ఒకచోట నిలువుగా, జానెడు వెడల్పున, కొంచెం ఉబ్బెత్తుగా ఒక పట్టీ. దాని అంచున వెంట్రుకంత సన్నటి పగులు.

"గాడి కొట్టి మూసినకాడ ప్లాస్టరు పాతదాన్తోని కలవది బిడ్డా. ఎన్ని రంగులేసినా అంచుకు చీలుతది. ఆడ పైపున్నది," అంది.

తర్వాత సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోయింది. గట్టి ఇటుక దగ్గర ఒక చప్పుడు, మూసిన గాడి దగ్గర బోలుగా ఇంకో చప్పుడు. పిల్లలు సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మకు నవ్వొచ్చింది. "గిది గూడ రాస్కుంటరా?" అంది. రాసుకోండమ్మా, రాసుకోవాల్సింది ఇదే అన్నాను.

మూడో దారి, మనిషిని వెతకడం. కాలనీ చివర పాత హార్డ్‌వేర్ దుకాణం ఉంది. అప్పట్లో ఈ వీధి పనులు ఎవరు చేసేవాళ్ళని అడిగితే, దుకాణం అతను ముగ్గురి పేర్లు చెప్పాడు. ఇద్దరు పోయారు. మూడో ఆయన, అంటే ఆ రోజుల్లో ప్లంబర్ వెంట వచ్చిన ఆ కుర్రాడు, పక్క బస్తీలోనే ఉన్నాడు. ఇప్పుడు యాభై దాటింది. మోకాళ్ళు అరిగి పెద్ద పనులు మానేశాడు. ట్యాపులు మార్చడం, ఫ్లష్ ట్యాంకులు బాగుచేయడం లాంటివి చేస్తున్నాడు. పేరు ఇక్కడ రాయొద్దన్నాడు, ఇంకా ఆ కాలనీల్లోనే పని దొరకాలి కాబట్టి. మేం అన్న అని పిలిచాం, ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను.

అన్న వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడంటే మీరు సినిమా అనుకుంటారు, అలాంటిదేమీ లేదు. ముందు పైకెళ్ళి బాత్రూమ్ ఎక్కడుందో చూశాడు. బయటికెళ్ళి సంపు చూశాడు, మోటరు చూశాడు, వెనక చాంబర్ మూత చూశాడు. మేడ మీద ట్యాంకు నుంచి ఎన్ని లైన్లు దిగుతున్నాయో లెక్కపెట్టాడు. అప్పుడు కిందికొచ్చి చెప్పాడు. పైపు ఎక్కడ మొదలైందో, ఎక్కడ తేలుతుందో తెలిస్తే మధ్యలో ఎటు పోయిందో తొంభై పాళ్ళు తెలుస్తుంది. ట్యాపు ఉన్నచోట దాని పైనా కిందా పక్కకూ పైపు పోయి ఉంటుంది. స్విచ్ బోర్డు ఉన్నచోట దాని నుంచి నిట్టనిలువుగా స్లాబు దాకా కరెంటు పైపు పోయి ఉంటుంది. ఆ గీతల మీద ఎప్పుడూ డ్రిల్ పెట్టొద్దు.

"అయితే మెయిన్ వాల్వ్ కట్టేసి కొడితే సరి కదా అన్నా," అన్నాడు మన తమ్ముడు.

"వాల్వు కట్టేస్తే ట్యాంకు నుంచి దిగే నీళ్ళు ఆగుతయి. మరి సంపు నుంచి ఎక్కే మోటరు లైను సంగతేంది?"

మాకెవరికీ తట్టలేదు. సంపు నుంచి మేడ మీద ట్యాంకుకు ఎక్కే పైపు ఒకటి ఉంటుంది కదా, దానికి ట్యాంకు వాల్వ్‌తో సంబంధం లేదు. మోటరు వేసినప్పుడే అందులో ఒత్తిడి. దానికి రంధ్రం పడినా ఆ క్షణాన బయటపడకపోవచ్చు, మర్నాడు పొద్దున ఎవరో మోటరు వేసినప్పుడు గోడలోంచి చిమ్ముతుంది. ఆ లైను ఈ గది మూలలోంచే పోతోంది. అమ్మ చూపించిన ఉబ్బెత్తు పట్టీ అదే, 2012లో మార్చిన ప్లాస్టిక్ లైను. మరి యాప్ మోగింది? అది పాత ఇనుప జీఐ పైపు. కొత్త లైను వేసినప్పుడు పాతదాన్ని పైనా కిందా కోసి బిరడా కొట్టి గోడలోనే వదిలేశారు. పీకితే గోడ పగలాలి, ఖర్చు. అంటే ఆ గోడలో బతికున్న పైపు ఒకటి, చచ్చిన పైపు ఒకటి. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

అన్న ఇంకొకటి చెప్పాడు. ఇనుప పైపుల కాలంలో మరకు జనుము చుట్టి, సఫేదా పూసి బిగించేవాళ్ళట. లైను మొత్తం అయ్యాక నీళ్ళు వదిలి, తుప్పు పోయేదాకా పారబోసి, తర్వాత దోసిలి పట్టి రుచి చూసేవాళ్ళట. "ఈ కాలనీల ఎన్నో ఇండ్లల్ల మొట్టమొదటి నీళ్ళు నేను తాగినయే," అన్నాడు. గొప్పగా చెప్పలేదు, ఫిర్యాదుగానూ చెప్పలేదు. కాసేపాగి, "తర్వాత రిపేరుకు పోయి దూపైతుందంటే గేటుకాడ నిలబడుమనేటోళ్ళు. పాత సీసాల నీళ్ళు తెచ్చిచ్చేటోళ్ళు," అన్నాడు.

పిల్లలు దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

నీళ్ళతో మనకున్న లెక్క పాతది. మహద్‌లో చౌదార్ చెరువును అందరికీ తెరవాలని 1924లోనే మున్సిపాలిటీ తీర్మానం చేసింది. అంతకుముందు ఏడాదే బొంబాయి శాసన మండలి అలాంటి తీర్మానం చేసి ఉంది. కాగితం మీద చెరువు మనది. నీళ్ళు మాత్రం ముట్టలేం. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్ళి దోసిలి పట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు చెరువును శుద్ధి చేసుకున్నారు, కోర్టుకు వెళ్ళారు. ఆ కేసు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. మన దగ్గర కారంచేడు. 1985 జూలైలో, మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు మురికి చేయొద్దన్న మాటతో మొదలై ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసిన ఊరు. బిందె అడ్డుపెట్టి ఎదురు నిలిచిన మున్నంగి సువార్తమ్మను మనం మరిచిపోం. ఇప్పుడు చెరువులు పోయి పైపులొచ్చాయి. పైపులు వేసింది మనమే. పైపు గోడలోకి పోయాక, దాన్ని వేసిన చెయ్యి గేటు బయటికి పోయింది.

ఇంట్లోకి వచ్చే పైపు సంగతి ఇది. ఇంట్లోంచి పోయే పైపు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అది చాంబర్‌లోకి, అక్కడి నుంచి మ్యాన్‌హోల్‌లోకి పోతుంది. అక్కడికి దిగేది ఎవరు? 2013లో చట్టం వచ్చింది, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్‌లోకి దించడం నేరం. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20న దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, దిగడం ఆగలేదు. మన సార్ గోడలో ఏముందోనని పన్నెండు రోజులు ఆలోచించాం. మ్యాన్‌హోల్‌లో ఏ గ్యాసు ఉందోనని పన్నెండు నిమిషాలు ఆగకుండా మనిషిని దించుతారు. గోడకు చూపించిన జాగ్రత్తలో పదో వంతు ఆ మనిషికి చూపిస్తే ఆ చావులు ఉండవు.

సరే, పని ఎలా చేశామో చెబుతాను. మీరు హాస్టల్ గదిలోనో, స్టడీ సర్కిల్ గదిలోనో చేసుకోవాల్సి వస్తే పనికొస్తుంది.

మట్టి వైపు రాతి గోడను అసలు ముట్టుకోలేదు. గ్రానైట్‌లో మామూలు డ్రిల్ దిగదు, బిట్ కాలిపోతుంది. రాళ్ళ మధ్య సందులో దిగుతుంది కానీ అక్కడి మాలు మేకును గట్టిగా పట్టుకోదు. పైగా ఆ గోడ వెనక మట్టి ఉంది, మనం వేసే రంధ్రమే చెమ్మకు దారి అవుతుంది. పుస్తకాలు కూడా ఆ గోడకు ఆనించలేదు. ర్యాకులన్నీ ఇటుక గోడల వైపే పెట్టాం, గోడకూ ర్యాకుకూ మధ్య గాలి ఆడేలా నాలుగంగుళాలు వదిలి, చిన్న ఇనుప పట్టీలతో గోడకు బిగించాం. కింది అర గచ్చుకు అడుగు ఎత్తులో ఉంది.

ఇటుక గోడల మీద ముందు రంగు టేపుతో పటం వేశాం. నీళ్ళ లైనుకు నీలం, కరెంటుకు ఎరుపు, చచ్చిన పైపుకు నలుపు. ప్రతి గీతకూ అటూ ఇటూ జానెడు వదిలేశాం. స్తంభాలనూ బీములనూ వదిలేశాం, అవి ఇంటి ఎముకలు. మిగిలిన చోట పది గుర్తులు పెట్టాం. ఆ గది కరెంటు ఎంసీబీ ఆపేసి, పై గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో డ్రిల్‌కు కరెంటు తెచ్చాం. ట్యాంకు వాల్వ్ కట్టేసి, కింది ట్యాపు తిప్పి లైన్లో మిగిలిన నీళ్ళు వదిలేశాం. మోటరు స్విచ్ మీద కాగితం అంటించి, దాని ముందు ఒక చెల్లెల్ని కూర్చోబెట్టాం.

బిట్‌కు రెండంగుళాల దగ్గర టేపు చుట్టాం, అంతకు మించి లోపలికి పోకుండా. ప్లాస్టరు దాటేదాకా హ్యామర్ పెట్టకుండా మెల్లగా తిప్పాం. మధ్యమధ్యలో ఆపి పొడి చూశాం. ముందు బూడిద రంగు, అది ప్లాస్టరు. తర్వాత ఎరుపు, అది ఇటుక. ఎరుపు వస్తున్నంతసేపూ భయం లేదు. తెల్లగానో మీగడ రంగులోనో సన్నటి తురుము వస్తే అది ప్లాస్టిక్ పైపు, అక్కడే ఆపాలి. పొడి తడిగా వచ్చినా ఆపాలి. ఒక్కసారిగా బోలుగా లోపలికి దిగిపోయినా ఆపాలి. బలం మిషన్‌ది, చెవి మనది.

ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు లేకుండా ఎవరినీ మిషన్ పట్టనివ్వలేదు. ఇటుకా సిమెంటూ కోసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్, దానికి నయం చేసే మందు లేదు. పది రంధ్రాలకు మనం మాస్కు పెట్టుకున్నాం. రోజంతా గోడలు కోసేవాళ్ళు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు.

ఏడో రంధ్రం దగ్గర చప్పుడు మారింది. బిట్ తిరుగుతోంది కానీ ముందుకు పోవడం లేదు. ఆపి పొడి చూస్తే మెరిసే సన్నటి ఇనుప రజను. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. సార్ మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. అన్న ఒక సన్నటి మేకును రంధ్రంలో పెట్టి తట్టి చూశాడు. టేపు పటం చూశాడు. "ఇది పాత పైపు వంపు. ఈడ ఎల్బో తిప్పినం, యాదికొచ్చింది," అన్నాడు. అంటే చచ్చిన పైపు మేం గీసిన నల్ల గీత కంటే జానెడు దాటి పక్కకు తిరిగింది. దాన్ని సిమెంటుతో మూసేసి, పైకి జరిపి ఇంకో రంధ్రం వేశాం. అది బతికున్న లైను అయి ఉంటే? అందుకే వాల్వ్ కట్టేశాం, అందుకే మోటరు దగ్గర మనిషిని పెట్టాం. జాగ్రత్త అంటే ఏమీ జరగదని నమ్మడం కాదు, జరిగితే ఏం చేయాలో ముందే చేసి పెట్టుకోవడం.

అంతా అయ్యాక మోటరు వేసి గోడ ముందు నిలబడ్డాం. ట్యాంకు నిండింది, గోడ పొడిగానే ఉంది. రాత్రి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, వాల్వ్ తెరిచి ఉంచి, ఇంట్లో ఎవరూ ట్యాపు తిప్పకుండా ఉన్నారు. పొద్దున్న చూస్తే నీళ్ళు గుర్తు దగ్గరే ఉన్నాయి. అప్పుడు సార్ నవ్వారు.

డబ్బు సంగతి కూడా రాయాలి. అన్నకు ఎంత ఇవ్వాలని లెక్క వచ్చినప్పుడు ఒక తమ్ముడు, "మిషన్ మనమే పట్టాం కదక్కా, అన్న చూపించాడు అంతే," అన్నాడు. చెడ్డవాడు కాదు, బాగా చదువుతాడు. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇంజినీరు వచ్చి వేలు చూపిస్తే అది కన్సల్టేషన్, దానికి ఫీజు. ప్లంబర్ వచ్చి వేలు చూపిస్తే అది ఊరికే చెప్పడం. చెమట కనిపిస్తేనే మనకు కూలీ, మన తెలివికి వెల లేదు. కులం శ్రమను మాత్రమే విడదీయలేదు, శ్రమ చేసే మనుషులను మెట్లమెట్లుగా విడదీసిందని 1936లోనే బాబాసాహెబ్ వివరంగా రాసిపెట్టారు. ఆ పుస్తకం మన ర్యాకులో మూడు కాపీలు ఉంది. అన్నకు రెండు రోజుల మేస్త్రి కూలీ ఇచ్చాం. మా అమ్మకూ ఇచ్చాం. అమ్మ వద్దంది. అన్నకిచ్చినంతే, ఆడకూలీ కాదు, మేస్త్రి కూలీ అని చెప్పాక తీసుకుని కొంగున కట్టుకుంది.

టేపు తీసేసే ముందు నాలుగు గోడలకూ ఫోటోలు తీశాం. సివిల్ చదివే పిల్లలు కొలతలతో పటం గీశారు: గచ్చు నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం, ఏ పైపు బతికుంది, ఏది చచ్చింది. ఏడో రంధ్రం దగ్గరి వంపు కూడా గీశారు. ఒక రిజిస్టర్ కొన్నాం. మొదటి పేజీలో ఆ పటం అంటించాం. రెండో పేజీలో పేర్లు రాశాం. 1996లో పైపులు వేసిన ఆయన పేరు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికింది. ఇప్పుడాయన లేరు, అయినా ఆయన పేరే మొదట రాశాం. తర్వాత అన్న పేరు, 2012లో మార్చిన మేస్త్రి పేరు, మా అమ్మ పేరు. సార్ తన చేత్తోనే రాశారు, హెడ్మాస్టర్ దస్తూరీలో. ఆ రిజిస్టర్ గదిలోనే ఉంటుంది. లైబ్రరీలో చేరిన మొదటి పుస్తకం అదే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకో పని. మీరుండే హాస్టల్, మీరు చదివే కాలేజీ, మీ అమ్మానాన్నలు కట్టుకున్న ఇల్లు, ఏదో ఒకదాని గోడలు ఎవరు కట్టారో, పైపులు ఎవరు వేశారో అడిగి రాసుకురండి. పేరు, ఊరు, ఏం పని చేశారు, ఎంత కూలీ ఇచ్చారు. వాళ్ళు బతికుండగానే అడగండి. కొత్తగా ఇల్లు కడుతున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే, ప్లాస్టరు చేసే ముందు పక్కన టేపు పెట్టి గోడలకు ఫోటోలు తీసి పెట్టమనండి. ఆ ఫోటోల్లో పనివాళ్ళను పక్కకు జరగమనకండి.

లైబ్రరీ వచ్చే ఆదివారం తెరుస్తున్నాం. రిబ్బన్ లేదు, ముఖ్య అతిథి లేరు. అన్న వస్తానన్నాడు. పొద్దున పదింటికి రండి, చేతి రుమాలు తెచ్చుకోండి, నలభై పెట్టెల దుమ్ము దులపాలి. చెమ్మ తగిలిన కరపత్రాలను ఎలా ఆరబెట్టాలో, ఎలా స్కాన్ చేయాలో ఆ తర్వాతి వారం రాస్తాను.

జై భీమ్.